ముందు లోపల ఏమైతదో చెప్పు

మన కాలేజీలో ఎవరికైనా "నా దగ్గర రైఫిల్ ఉంది" అని చెబితే రెండే రియాక్షన్లు వస్తాయి. ఒకటి: "ఓరి నాయనో, లైసెన్స్ ఉందా?" రెండు: "ఒక్కసారి ఇవ్వురా, రీల్ చేసుకుని ఇచ్చేస్తా." ఈ వ్యాసం ముఖ్యంగా రెండో రకం వాళ్ల కోసం. ఎందుకంటే పోయిన దసరా దాకా నేనూ ఆ రకమే.

మొదటి రకం వాళ్లకు ముందు జవాబు చెప్పేస్తా. నా దగ్గర ఉన్నది ఎయిర్ రైఫిల్. మందుగుండు ఉండదు, తూటా ఉండదు. గాలి ఒత్తిడితో చిన్న సీసం పెల్లెట్‌ను తోస్తుంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. హాస్టల్‌కు మాత్రం తేలేదు, తేను కూడా. జగిత్యాలలో మా చిన్నాయన షాపులో, ఇనుప పెట్టెలో, తాళం కింద ఉంది. ఆ తాళం కథే ఇప్పుడు చెప్పబోయేది.

నా అభిప్రాయం ముందే చెప్తా, తర్వాత మీరు ఒప్పుకోండి, తిట్టండి. మొదటి రైఫిల్ కొనాలనుకునేవాడు "ఏది బెస్ట్?" అని అడగకూడదు. "దేన్ని నేను పూర్తిగా అర్థం చేసుకోగలను?" అని అడగాలి. చవక అంటే తక్కువ ధర అని కాదు. ఏ భాగం ఎందుకుందో తెలుసుకుని, పాడైతే బాగు చేయించుకుని, తప్పు చేస్తే ఎక్కడ చేశామో కనుక్కోగలిగేది నిజంగా చవక. ఇంకో మాట. లోపల ఏం జరుగుతుందో మన ఇంట్లోవాళ్లకు మన భాషలో చెప్పలేకపోతే, అది మనకు అర్థం కానట్టే.

నాకు ఈ పిచ్చి జాతరలో బుడగలు పేల్చే దుకాణం దగ్గర మొదలైంది. పది రూపాయలకు అయిదు దెబ్బలు. చిన్నప్పుడు అయిదింటికి రెండు కూడా తగిలేవి కాదు. "వాడు గురి వంకర పెడతాడు" అని మా గ్యాంగ్ మొత్తం నమ్మేది. తర్వాత అభినవ్ బింద్రా గురించి చదివా. 2008 బీజింగ్‌లో మన దేశానికి మొదటి వ్యక్తిగత ఒలింపిక్ బంగారు పతకం వచ్చింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. 2012 లండన్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగినవాడని తెలిశాక ఇంకా దగ్గరగా అనిపించింది. పిస్టల్‌లో ఈషా సింగ్ కూడా మన హైదరాబాదే. అంటే ఇది ఎక్కడో వేరే లోకపు ఆట కాదు, గచ్చిబౌలిలో రేంజ్ ఉన్న ఆట.

ఆ టార్గెట్ ఎంతుంటుందో తెలుసా? పది మీటర్ల దూరంలో, పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. మన పెన్నుతో పెట్టే ఫుల్‌స్టాప్ అంత. పెల్లెట్ దాన్ని తాకితే చాలు, పది. అలా గంటా పావు గంటలో అరవై షాట్లు. యూట్యూబ్‌లో ఫైనల్స్ చూస్తుంటే అసలు ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. అందరూ బొమ్మల్లా నిలబడి ఉంటారు. నాకు అదే నచ్చింది.

ఇక కొనుగోలు. ఫస్ట్ ఇయర్ అయ్యాక ల్యాప్‌టాప్ కోసం నాన్న అరవై వేలు ఇచ్చాడు. ఆఫర్‌లో యాభై ఒక్క వేలకు దొరికింది. మిగిలిన తొమ్మిది వేలు తిరిగివ్వకుండా సిటీకి పోయి ఎయిర్ రైఫిల్ కొన్నా. నాన్నకు కొన్నాకే చెప్పా. ఆయన అరవలేదు. "ల్యాప్‌టాప్ డబ్బులని చెప్పి తీసుకున్నవ్ కదరా" అన్నాడు, అంతే. అరిచి ఉంటే బాగుండేది.

ఆ షాపులో నేను అడిగిన ప్రశ్నలు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. "ఏది పవర్‌ఫుల్? ఏది దూరం పోతది? బ్లాక్ కలర్ ఉందా?" అంతే అడిగా. పదిహేను నిమిషాల్లో పని అయిపోయింది. ఫోన్ కొనేటప్పుడు మూడు వారాలు రివ్యూలు చూసినవాణ్ని.

దసరా సెలవుల్లో జగిత్యాల పోయా. డాబా మీద మెట్ల గది ఉంటుంది, దానికి ఇనుప రేకు తలుపు. ఆ తలుపు ముందు థర్మాకోల్ షీటు పెట్టి, దానిమీద స్కెచ్ పెన్నుతో గుండ్రాలు గీసి, మొదలుపెట్టా. మొదటి రెండూ బయటికి పోయాయి. మూడోది థర్మాకోల్‌లోంచి దూసుకుపోయి రేకుకు తగిలి టంగ్‌మంది. ఆ చప్పుడు భలే ఉందనుకున్నా. నాలుగోదానికి కూడా టంగ్‌మంది, వెంటనే వెనక నుంచి "అబ్బా!" అని కేక.

మా చెల్లె, అంటే చిన్నాయన బిడ్డ, తొమ్మిదో తరగతి. నాకు సర్వపిండి తెచ్చింది. చేతిలో ప్లేటుతో నా వెనక నిలబడి చూస్తోంది. రేకుకు తగిలిన పెల్లెట్ వెనక్కి తిరిగి వచ్చి ఆమె చెంపకు తగిలింది. కంటికి రెండు వేళ్ల కింద. చిన్న ఎర్రటి మచ్చ, ఒక చుక్క రక్తం. అంతే. "అంతే" అని ఇప్పుడు రాస్తున్నా కానీ, ఆ రెండు వేళ్ల దూరం గురించి ఆ రోజు రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నా. ఆ దూరంలో నా తెలివి ఏమీ లేదు. పెల్లెట్ అటు పోయింది కాబట్టి బతికిపోయాం.

చిన్నాయన పైకి వచ్చాడు. చెల్లె చెంప చూశాడు. రేకు మీద సొట్టలు చూశాడు. నా చేతిలోంచి రైఫిల్ తీసుకున్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. "ట్రిగ్గర్ నొక్కితే లోపల ఏమైతదో చెప్పు" అన్నాడు.

చిన్నాయన పదో తరగతి దాకా చదివాడు. షాపులో మోటార్లకు వైండింగ్ కడతాడు, రైతులు పొలానికి మందు కొట్టే పంపులు బాగు చేస్తాడు. నేను ఎంసెట్‌లో ఫిజిక్స్ మంచిగా రాసినవాణ్ని. కాబట్టి ధైర్యంగా మొదలుపెట్టా. "స్ప్రింగ్‌లో పొటెన్షియల్ ఎనర్జీ స్టోర్ అవుతది చిన్నాయనా. ట్రిగ్గర్ నొక్కితే అది కైనెటిక్ ఎనర్జీగా కన్వర్ట్ అయి పెల్లెట్‌కు ట్రాన్స్‌ఫర్ అవుతది."

"గది నువ్వు పుస్తకంల సదివినవ్. నాకు తెలుగుల చెప్పు. స్ప్రింగు పోయి పెల్లెట్‌ను తంతదా?"

"తంతది... కాదు, గాలి తోస్తది."

"గాలి యాడికెళ్లి వచ్చింది?"

నాకు తెలీదు. నిజంగా తెలీదు. స్ప్రింగ్ ఉందని తెలుసు, గాలి ఉందని తెలుసు. ఆ రెండింటి మధ్య ఏముందో ఎప్పుడూ ఆలోచించలేదు. "కన్వర్ట్", "ట్రాన్స్‌ఫర్" అనే రెండు మాటలు ఆ ఖాళీ మీద పరదాలా కప్పి ఉన్నాయి. ఆ మాటలు తీసేసి తెలుగులో చెప్పమనేసరికి కింద ఏమీ లేదని నాకే కనిపించింది.

"సరే. నువ్వు చెప్పే దాంక ఇది నీ చేతికి రాదు" అని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాడు. దసరా నుంచి సంక్రాంతి దాకా, మూడు నెలలు.

కాలేజీకి తిరిగొచ్చాక మన ఎన్‌సీసీ సీనియర్‌ను పట్టుకున్నా. ఆయన ద్వారా ఒక రేంజ్‌కు ఆదివారాలు పోవడం మొదలైంది. అక్కడి కోచ్ సార్ ఆర్మీలో చేసి రిటైరైనవాడు. మొదటి రోజు ఏం చేయించాడో ఊహించండి. రైఫిల్ ముట్టుకోనివ్వలేదు. నాలుగు మాటలు అప్పజెప్పించుకున్నాడు. ప్రతి రైఫిల్‌లోనూ లోడ్ ఉన్నట్టే అనుకో. దేన్ని కొట్టదలచుకోలేదో దానివైపు మూతి తిప్పకు. గురి కుదిరే దాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. నీ టార్గెట్ ఏమిటో, దాని వెనక ఏముందో తెలుసుకో.

నాలుగోది విన్నప్పుడు నాకు ఇనుప రేకు టంగ్‌మన్న చప్పుడు వినిపించింది.

ఆ మూడు నెలల్లో క్లబ్ రైఫిల్‌తోనే నేర్చుకున్నా. సంక్రాంతికి ఇంటికి పోయి చిన్నాయన ముందు కూర్చున్నా. ఈసారి ఆయనే రైఫిల్‌ను బెంచీ మీద పెట్టి, స్ప్రింగ్ ఎగిరిపడకుండా క్లాంపులో బిగించి, మెల్లగా విప్పాడు. ఒక హెచ్చరిక: ఈ పని మీరు ఇంట్లో స్క్రూడ్రైవర్ తీసుకుని చేయొద్దు. లోపలి స్ప్రింగ్ విప్పక ముందే కొంత నొక్కుకుని ఉంటుంది. పట్టు లేకుండా విప్పితే మొహం మీదికి వస్తుంది. చేతనైన మనిషి పక్కనే ఉండి చూపిస్తే చూడండి.

అప్పుడు నేను చెప్పింది ఇది. మీకూ చెప్తా.

నాది బ్యారల్ మధ్యకు విరిచే రకం. జాతరలో బుడగల దుకాణంవాడు ప్రతి దెబ్బకు ముందు గొట్టం కిందికి వంచుతాడు చూడండి, అదే. మనం లోడ్ చేయడానికి వంచుతున్నాం అనుకుంటాం. అసలు పని అది కాదు. బ్యారల్ వంగినప్పుడు దాని కింద ఉన్న కడ్డీ ఒక పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. పిస్టన్ వెనక బలమైన స్ప్రింగ్ ఉంది, అది నొక్కుకుపోతుంది. పూర్తిగా వెనక్కి పోయాక ఒక చిన్న కొక్కెం పిస్టన్‌ను పట్టుకుంటుంది, "టిక్" అని వినిపిస్తుంది. పిస్టన్ ముందు ఉన్న ఖాళీలో ఉండేది మామూలు గాలి. మనం పీల్చేదే.

ట్రిగ్గర్ పని ఒక్కటే, ఆ కొక్కెం తప్పించడం. కొక్కెం జారగానే స్ప్రింగ్ పిస్టన్‌ను ముందుకు విసురుతుంది. ముందున్న గాలి పోవడానికి దారి లేక నలుగుతుంది, వేడెక్కుతుంది, చిన్న రంధ్రంలోంచి పెల్లెట్ వెనక పడుతుంది. పెల్లెట్ అక్కడ్నుంచి బయల్దేరుతుంది. స్ప్రింగ్ పెల్లెట్‌ను అసలు ముట్టుకోనే ముట్టుకోదు.

"సైకిల్ పంపు" అన్నాడు చిన్నాయన.

అవును, సైకిల్ పంపే. హ్యాండిల్‌ను మన చేయి బదులు స్ప్రింగ్ నొక్కుతుంది. ఆయన పిస్టన్ మూతికి ఉన్న సీల్ వేలితో తడిమి, షాపులోంచి పాత పంపు తోలు వాషర్ తెచ్చి పక్కన పెట్టాడు. రెండూ ఒకటే. నాదాన్లో సింథటిక్, పాత తుపాకుల్లో తోలు. "వాషర్ ఎండిపోతే పంపుల గాలి నిలువదు. గిది గూడ అంతేనా?" అన్నాడు. అంతే. ఆయన పాతికేళ్లుగా చేస్తున్న పని నా రైఫిల్ లోపల ఉంది. నాకే తెలీలేదు.

ఇది ఒక్కటి అర్థమయ్యాక మిగతావన్నీ వరసగా విడిపోయాయి.

పెల్లెట్ పెట్టకుండా ఖాళీగా ఎందుకు పేల్చకూడదు? పెల్లెట్ అడ్డు ఉంటేనే గాలి నలిగి, చివర్లో పిస్టన్‌కు పరుపులా అడ్డుపడుతుంది. పెల్లెట్ లేకపోతే పిస్టన్ నేరుగా పోయి గొట్టం చివర గుద్దుకుంటుంది. సీల్ పోతుంది, స్ప్రింగ్ పోతుంది. కొన్న మొదటి రోజు హాస్టల్ ఫ్రెండ్ ఇంట్లో ఓ ఇరవై సార్లు అలా ఖాళీగా "టప్ టప్" అనిపించినవాణ్ని నేనే.

బ్యారల్ వంచి ఉన్నప్పుడు ట్రిగ్గర్ జోలికి ఎందుకు పోకూడదు? కొక్కెం జారితే స్ప్రింగ్ బలమంతా కడ్డీ ద్వారా బ్యారల్‌ను పైకి లాగుతుంది. పెల్లెట్ పెడుతున్న వేలు మధ్యలో ఉంటే నలిగిపోతుంది. అందుకే పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బ్యారల్ గట్టిగా పట్టుకునే ఉండాలి.

గట్టిగా పట్టుకుంటే గురి ఎందుకు తప్పుతుంది? పిస్టన్ ముందుకు పోతుంటే రైఫిల్ వెనక్కి కదులుతుంది. పిస్టన్ ఆగినప్పుడు రైఫిల్ ముందుకు జర్క్ ఇస్తుంది. ఇదంతా కొన్ని మిల్లీసెకన్లలో, పెల్లెట్ ఇంకా బయటపడక ముందే మొదలైపోతుంది. మనం గట్టిగా బిగించి పట్టుకుంటే ఒక్కో షాట్‌కు ఒక్కో రకంగా కదులుతుంది. తెరిచిన అరచేతి మీద వదులుగా ఆనించి, ప్రతిసారీ ఒకేలా కదలనివ్వాలి. చిన్నప్పుడు జాతరలో బుడగలు తప్పింది దుకాణంవాడి వంకర గురి వల్లే కాకపోవచ్చు. నా పట్టు వల్ల కూడా అయ్యుండొచ్చు.

ఇంకోటి. "రైఫిల్" అనే పేరు బ్యారల్ లోపల మెలి తిరిగి ఉండే గాడుల నుంచి వచ్చింది. ఆ గాడులు పెల్లెట్‌ను బొంగరంలా తిప్పుతాయి, అందుకే అది పల్టీలు కొట్టకుండా పోతుంది. చవక ఎయిర్ గన్‌లలో గాడులు లేని నున్నటి గొట్టాలు కూడా ఉంటాయి. అవి తుపాకులే గానీ రైఫిళ్లు కావు. షాపులో బ్యారల్ వంచి, రైఫిల్‌లో పెల్లెట్ లేదని చూసుకుని, వెనక వైపు నుంచి వెలుతురుకు చూస్తే గాడులు కనిపిస్తాయి. నేను కొన్నప్పుడు చూడలేదు. ఉన్నాయి, నా అదృష్టం.

పవర్ గురించి కూడా ఒక లెక్క చేశా. పెల్లెట్ బరువు దాదాపు 0.53 గ్రాములు. సెకనుకు 170 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి సుమారు 7.7 జౌళ్లు. మ్యాచ్ రైఫిళ్లు ఉండేది దాదాపు ఈ వేగం దగ్గరే. అదే పెల్లెట్‌కు 20 జౌళ్లు రావాలంటే సెకనుకు 275 మీటర్లు కావాలి. ఒలింపిక్ పతకానికి 7.7 సరిపోతుంటే, డాబా మీద నాకు "పవర్‌ఫుల్" ఎందుకు? ఎక్కువ పవర్ అంటే ఎక్కువ గట్టి స్ప్రింగ్. అంటే వంచడానికి ఎక్కువ బలం, ఎక్కువ జర్క్, ముప్పై షాట్లకే చేతులు వణకడం. రేకుకు తగిలి వెనక్కి వచ్చేటప్పుడు ఎక్కువ వేగం కూడా.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. ముందు రేంజ్‌లో రెండు మూడు నెలలు క్లబ్ రైఫిల్‌తో కొట్టండి. చాలామందికి ఆ తర్వాత కొనాలనే కోరికే పోతుంది, అదీ లాభమే. ఇంకా కావాలనిపిస్తే, మన దేశంలో తయారైన 4.5 మి.మీ. స్ప్రింగ్ రైఫిల్ చూడండి. పిడిని మోచేతి మడతలో ఆనించి చూడండి, చూపుడు వేలి కొస ట్రిగ్గర్ దగ్గరికి హాయిగా రావాలి. వెనక సైటు పైకీ కిందికీ, పక్కలకూ జరిగేలా ఉండాలి. సీల్, స్ప్రింగ్ విడిగా దొరుకుతాయా అని అడగండి, దొరక్కపోతే ఎంత చవకైనా వదిలేయండి. శక్తి ఎన్ని జౌళ్లో రాసిచ్చిన కాగితం, బిల్లు తీసుకోండి. బడ్జెట్‌లో కొంత పెల్లెట్లకు, కళ్లద్దాలకు, పాత బట్టలు గట్టిగా కూరిన లోతైన పెట్టెకు ఉంచండి. ఆ పెట్టె టార్గెట్ వెనక పెట్టడానికి. రేకు, రాయి, గోడ వద్దు. పక్కన చూసేవాళ్లకూ కళ్లద్దాలు ఉండాలి. పెల్లెట్లు సీసం కాబట్టి కొట్టాక చేతులు కడుక్కోండి.

పక్షుల సంగతి ఒక్క మాట. మన చుట్టూ కనిపించే పక్షుల్లో చాలావాటిని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చట్టం లేకపోయినా, పది మీటర్లలో కాగితం మీద చుక్కను కొట్టలేనివాడు చెట్టు మీద ప్రాణాన్ని గురిపెట్టడంలో గొప్ప ఏముంది?

ఇక నా మాటకు ఎదురు మాట. మా ఎన్‌సీసీ సీనియర్ నాతో అస్సలు ఒప్పుకోడు. ఆయన వాదన ఇదీ: "పోటీల్లో అందరూ పీసీపీలే వాడతారు. స్ప్రింగ్ రైఫిల్ జర్క్‌కు అలవాటుపడితే అక్కడ పనికిరాదు. తొమ్మిది వేలు వేస్ట్ చేయకుండా దాచుకో, కొన్నాళ్లకు సెకండ్ హ్యాండ్ మ్యాచ్ రైఫిల్ కొను."

ఆయన చెప్పింది తప్పు కాదు. పీసీపీలో గాలి ముందే సిలిండర్‌లో దాదాపు 200 బార్ల ఒత్తిడితో నింపి ఉంటుంది. కారు టైరులో ఉండే గాలికి సుమారు వంద రెట్లు. ట్రిగ్గర్ నొక్కితే చిన్న సుత్తి వాల్వ్‌ను తడుతుంది, కొలిచినట్టు కాస్త గాలి బయటికొస్తుంది. పెద్ద పిస్టన్ లేదు, జర్క్ దాదాపు లేదు. రేంజ్‌లో మొదటిసారి కొట్టినప్పుడు అసలు పేలిందా లేదా అని చూసుకున్నా. స్టేట్ లెవెల్‌కు పోవాలని గట్టిగా ఉన్నవాళ్లు ఆయన మాటే వినాలి. కానీ కొత్త మ్యాచ్ రైఫిల్‌కు నాకు చెప్పిన ధర రెండున్నర లక్షలు. అది మా ఇంట్లో ఒక ఏడాది ఫీజు కంటే ఎక్కువ. సెకండ్ హ్యాండ్ అంటే సిలిండర్ మీద గడువు తేదీ చూడాలి, చాలావాటికి పదేళ్లే. రెగ్యులేటర్ చూడాలి. అది చూడటం వచ్చినవాడు అప్పటికే మొదటి రైఫిల్ స్టేజ్ దాటినవాడు.

నా పాయింట్ అదే. పీసీపీ నా తప్పుల్ని దాచిపెట్టేది. స్ప్రింగ్ రైఫిల్ ఒక్కటి కూడా దాచదు. పట్టు మారితే చెప్తుంది, ఊపిరి మారితే చెప్తుంది. మొదట్లో నేను ప్రతి షాట్‌కు సైటు తిప్పేవాణ్ని. ఎడమకు పోతే కుడికి, పైకి పోతే కిందికి. కోచ్ సార్ ఒకరోజు నా సైటు మీద టేపు అంటించేశాడు. "అయిదు షాట్లు ఒక్క చోట పడే దాకా దాన్ని ముట్టకు. ఎక్కడ పడ్డా పర్లేదు, ఒక్క చోట పడాలి." కోడింగ్‌లో బగ్ దొరకనప్పుడు ఒకేసారి నాలుగు లైన్లు మార్చేసి, ఏది పనిచేసిందో తెలీక ఏడవడం మనందరికీ అలవాటే కదా. నేను ఇక్కడా అదే చేస్తున్నా. అయిదు ఒక్క చోట పడ్డాకే సైటు జరపాలి. పెల్లెట్లు ఎటు పోవాలో వెనక సైటును అటే జరపాలి. ఇప్పుడు పది షాట్లకు వందలో డెబ్బై ఒకటి వస్తోంది. గొప్ప స్కోర్ కాదు. కానీ పోయిన ఇరవై తొమ్మిది ఎక్కడ పోయాయో నాకు తెలుసు.

మన లిటరరీ క్లబ్ పత్రికలో తుపాకి గురించి ఎందుకు రాస్తున్నావని మా ఎడిటర్ అడిగింది. కారణం ఉంది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం నాది. ఇన్నేళ్లూ తెలుగు నాకు ఇంట్లో మాట్లాడే భాష, అంతే. సీరియస్ విషయాలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయని లోపల ఎక్కడో ఒక నమ్మకం. కానీ ఆ రోజు డాబా మీద నా ఇంగ్లిష్ నన్ను మోసం చేసింది. కాదు, నేనే ఆ మాటల వెనక దాక్కున్నా. "కొక్కెం పిస్టన్‌ను పట్టుకుంటుంది" అని చెప్పాలంటే కొక్కెం ఎక్కడుందో తెలియాలి. "ఎనర్జీ స్టోర్ అవుతుంది" అనడానికి ఏమీ తెలియనక్కర్లేదు. తప్పు ఇంగ్లిష్‌ది కాదు. ఇంగ్లిష్‌లో బాగా అర్థమైనవాళ్లు ఉంటారు. కానీ నాకు అర్థమైందో లేదో తేల్చే పరీక్ష మాత్రం చిన్నాయన ముందు తెలుగులోనే జరిగింది. ఇప్పుడు డేటా స్ట్రక్చర్స్ కూడా అలాగే చదువుతున్నా. హీప్ అంటే ఏంటో అమ్మకు చెప్పగలిగితే చాప్టర్ అయినట్టు. అమ్మ పాపం ఓపిగ్గా వింటుంది.

సంక్రాంతికి తాళం చెవి నాకు ఇచ్చాడు చిన్నాయన. నాన్నకు తొమ్మిది వేలల్లో నాలుగు వేలు తిరిగిచ్చా, జూనియర్లకు పైథాన్ ట్యూషన్ చెప్పి. ఇంకా అయిదు ఉన్నాయి.

చెల్లె చెంప మీద మచ్చ ఇప్పుడు కనిపించదు. పోయిన నెల ఇంటికి పోయినప్పుడు, "అన్నా, నేను ఒక్కటి కొడతా" అంది. నాకు గుండె ఆగినంత పనైంది. ఆమెకు భయం లేదు, నాకే ఉంది. కళ్లద్దాలు ఇచ్చి కూర్చోబెట్టి, "ముందు లోపల ఏమైతదో చెప్పు" అన్నా. చిన్నాయన బెంచీ దగ్గర నవ్వుతున్నాడు. పిస్టన్ చెప్పింది, స్ప్రింగ్ చెప్పింది, కొక్కెం చెప్పింది. గాలి వెనక్కి లీక్ కాకుండా బ్యారల్ అతుకు దగ్గర ఉండే చిన్న రింగ్ మాత్రం మర్చిపోయింది. దాంతో ఆ రోజు ఆమెకు షాట్ దొరకలేదు. నా మీద ఇంకా అలిగే ఉంది.

కాబట్టి రీల్ కోసం రైఫిల్ అడిగే మిత్రులారా, మీకూ అదే రూల్.